గర్భసంచిలో గడ్డలు: ఆగాలా, గడ్డ ఒక్కటే తీయించుకోవాలా, సంచే తీయించుకోవాలా?

నల్గొండలో గానీ పాలమూరులో గానీ స్కానింగ్ రిపోర్టులో "ఫైబ్రాయిడ్" అన్న మాట కనపడితే, ఆ పొద్దు మునిగేలోపే ఇంట్లో నిర్ణయం అయిపోతుంది. "పిల్లలైండ్రు గద, ఇంకా గా సంచితోని ఏం పని? తీపిచ్చెయ్" అని అత్త అంటుంది, ఆడబిడ్డ అంటుంది, ఊళ్లో సూదిమందు వేసే ఆర్‌ఎంపీ కూడా అంటాడు. ఏ ఆస్పత్రికి పోవాలో కూడా ఆయనే చెప్తాడు. ఇందులో ఆ మనిషిని ఎవరూ అడగరు. గడ్డ ఎక్కడుంది, ఎంతుంది, దానివల్ల నిజంగా బాధ ఉందా అనేది ఎవరూ చూడరు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురి కంటే కొంచెం ఎక్కువ. తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో ఇంకాస్త ఎక్కువ. మన ఆడవాళ్ల గర్భసంచులు మిగతా దేశం కంటే రెండింతలు చెడిపోయి ఉంటాయని నేను నమ్మను. మన దగ్గర దారులు ఎన్ని ఉన్నాయో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే ఒక్క దారిలోనే అందరూ పోతున్నారు. ఆ దారులన్నీ ఒకచోట పెట్టి, ఎవరికి ఏది సరిపోతుందో చెప్పాలని ఇది రాస్తున్నాను. మందు మోతాదు, ఆపరేషన్ తేదీ మీ గైనకాలజిస్టే చెప్పాలి. కానీ ఆమె ముందు కూర్చున్నప్పుడు ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

ముందు భయం సంగతి

ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోంచి పుట్టిన గట్టి ముద్ద. క్యాన్సర్ కాదు. "ఇప్పుడు తీయకుంటే ముదిరి క్యాన్సర్ అయితది" అన్న మాట మన జిల్లాల్లో ఎన్ని ఆపరేషన్లు చేయించిందో లెక్కలేదు. ఫైబ్రాయిడ్ అనుకుని ఆపరేషన్ చేసినవాళ్లలో లోపల క్యాన్సర్ బయటపడటం చాలా అరుదు, వందలో ఒక్కరికి కూడా ఉండదు. 50 ఏళ్లు వచ్చేసరికి సగానికి పైగా ఆడవాళ్లకు చిన్నదో పెద్దదో ఒక గడ్డ ఉంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఈ గడ్డలకు మేత మన ఒంట్లోని హార్మోన్లే, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్. ముట్లు ఆగిపోయాక ఆ మేత తగ్గి గడ్డలు చిన్నబడతాయి. అందుకే 47 ఏళ్ల మనిషికి చెప్పే సలహా, 30 ఏళ్ల మనిషికి చెప్పే సలహా ఒకటి కాకూడదు. ఒక జాగ్రత్త మాత్రం అందరికీ ఉంది. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనపడినా, ఆ వయసులో గడ్డ పెరుగుతున్నా ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. 40 దాటినవాళ్లకు ముట్టు క్రమం తప్పి, ఎక్కువగా పోతుంటే గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం మంచి డాక్టర్లు చేసే పని. ఆ పరీక్ష లేకుండా నేరుగా ఆపరేషన్ అంటే, ఎందుకు అవసరం లేదో అడగండి.

రిపోర్టులో ఏం చూడాలి

అందరూ సెంటీమీటర్లు చూస్తారు. నా మటుకు గడ్డ ఎక్కడుంది అన్నదే ముఖ్యం. గర్భసంచి లోపలి గదిలోకి పొడుచుకొచ్చిన గడ్డ రెండు సెంటీమీటర్లే ఉన్నా నెలనెలా రక్తం కుండపోతగా పోవచ్చు, గర్భం నిలవకపోవచ్చు. అదే సంచి బయటి గోడకు అంటుకుని కడుపులోకి పెరిగిన గడ్డ ఐదు సెంటీమీటర్లున్నా ముట్టు మామూలుగానే ఉండొచ్చు. గోడ మధ్యలో ఉండేవి ఈ రెంటికీ నడుమ. ఈ స్థానాన్ని డాక్టర్లు ఫిగో (అంతర్జాతీయ గైనకాలజిస్టుల సమాఖ్య) అంకెల్లో రాస్తారు. 0, 1, 2 అంటే లోపలి గదిలోకి వచ్చినవి. 3, 4 గోడలోవి. 5, 6, 7 బయటి వైపువి. 8 అంటే గర్భసంచి మెడ దగ్గరో, వేరే చోటో ఉన్నవి. మీ రిపోర్టులో ఈ అంకె లేకపోతే స్కానింగ్ చేసిన డాక్టర్‌నే అడగొచ్చు. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో ఇది కడుపు మీద చేసే స్కానింగ్ కంటే బాగా తెలుస్తుంది. పెళ్లికాని ఆడపిల్లలకు మాత్రం కడుపు మీదే చేస్తారు. గడ్డలు చాలా ఉండి అయోమయంగా ఉంటే ఎంఆర్‌ఐ.

ఇంకో మాట ఉంది, "బల్కీ యుటెరస్". గర్భసంచి కాస్త పెద్దగా కనపడిందని దాని అర్థం, అంతే. రెండు మూడు కాన్పులైన మనిషి గర్భసంచి ఎప్పుడూ కాన్పు కాని మనిషి సంచి కంటే పెద్దగానే ఉంటుంది. కానీ ఆ మాట ఊళ్లోకి వచ్చేసరికి "సంచి వాసింది" అయిపోతుంది, వాసింది కాబట్టి తీసేయాలి అయిపోతుంది. గర్భసంచి మెడ మీద ఎరుపుదనం కనపడితే "పుండైంది" అంటారు. తెల్లబట్ట, నడుము నొప్పి ఉంటే ఆ పుండుకు ముడిపెడతారు. తెల్లబట్టకు చాలాసార్లు వారం పది రోజుల మందులు చాలు. నడుము నొప్పికి నాట్లు, కలుపు, పత్తి ఏరడం, నీళ్ల బిందెలు కారణమైతే గర్భసంచి తీసినా ఆ నొప్పి అక్కడే ఉంటుంది. తెల్లబట్ట, నడుము నొప్పి, "బల్కీ", ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దానంతటది గర్భసంచి తీయడానికి కారణం కాదు. ఈ మూడూ కలిసినా కాదు.

అడినోమయోసిస్ అని వేరే జబ్బు ఒకటుంది. అందులో విడి గడ్డ ఉండదు, లోపలి పొర కండరంలోకి చొచ్చుకుపోయి సంచంతా ఉబ్బుతుంది, ముట్టు నొప్పి ఘోరంగా ఉంటుంది. దాన్ని కొన్నిసార్లు ఫైబ్రాయిడ్ అని రాసేస్తారు. గడ్డ ఒక్కటే తీసే ఆపరేషన్ దానికి సరిపోదు కాబట్టి, ఏది ఉందో తేలాకే ముందుకు పోవాలి.

ఏమీ చేయకపోవడం

ఇది కూడా వైద్యమే. ముట్టు మామూలుగా ఉంది, కడుపులో బరువు లేదు, మూత్రానికి మాటిమాటికీ పోవాల్సిన పని లేదు, రక్తం శాతం బాగుంది, వేరే దేనికో స్కాన్ తీస్తే గడ్డ కనపడింది. అలాంటప్పుడు ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ స్కాన్ తీసి పోల్చుకుంటే చాలు. పాత రిపోర్టులు పారేయకండి. రెండేళ్ల కిందటి రిపోర్టు పక్కన పెడితేనే గడ్డ నిజంగా పెరిగిందో లేదో తెలిసేది. వేరే సెంటర్లో వేరే డాక్టర్ కొలిస్తే అర సెంటీమీటరు అటూ ఇటూ వస్తుంది, దానికే హడలిపోవద్దు.

మాత్రలు, ఇంజెక్షన్లు, హార్మోన్ లూపు

బాధ రక్తం ఎక్కువ పోవడమే అయితే మొదట అడగాల్సింది ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్ర గురించి. ఇందులో హార్మోన్ లేదు. ఎక్కువ పోయే నాలుగైదు రోజులే వేసుకోవాలి, పోయే రక్తాన్ని మూడో వంతు నుంచి సగం దాకా తగ్గించగలదు. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు వాడకూడదు. మెఫెనమిక్ యాసిడ్ నొప్పికి బాగా పనిచేస్తుంది, రక్తాన్ని కొంత తగ్గిస్తుంది. ఈ రెండూ గడ్డను చిన్నది చేయవు, ముట్టును భరించగలిగేట్టు చేస్తాయి. ఏడాది రెండేళ్లలో ముట్లు ఆగబోయే మనిషికి అంతకంటే ఎక్కువ అవసరం ఉండకపోవచ్చు.

హార్మోన్ లూపు మన దగ్గర రావాల్సినంత వాడకంలోకి రాలేదు. చూడ్డానికి కాపర్ టీ లాగే ఉంటుంది, కానీ పని వేరు. లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను సంచి లోపలే కొద్దికొద్దిగా వదులుతూ ఐదేళ్లు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనపడుతుంది. ఆ నెలల్లోనే చాలామంది విసిగి తీయించేసుకుంటారు. ఓపిక పడితే తర్వాత ముట్టు బాగా తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది కూడా. లోపలి గదిని వంకర చేసే గడ్డ ఉంటే లూపు జారిపోవచ్చు, అలాంటివాళ్లకు ఇది కుదరదు. కొన్ని వేల రూపాయలు ఒకేసారి పెట్టాలి. ఐదేళ్ల మందులు, పనిపోయిన రోజులు లెక్కేస్తే ఎక్కువ కాదు. ఇప్పటికే మామూలు కాపర్ టీ ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి, ఎందుకంటే కాపర్ టీయే ముట్టును పెంచుతుంది. గడ్డ మీద నెట్టిన తప్పు దానిది కావచ్చు.

నెలకోసారి ఇచ్చే లూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్లు ముట్టును తాత్కాలికంగా ఆపి, మూడు నెలల్లో గడ్డను మూడో వంతు నుంచి సగం దాకా కుదిస్తాయి. ఆపేస్తే మళ్లీ పెరుగుతుంది. ఒళ్లు వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడటం ఉంటాయి కాబట్టి ఆరు నెలలు దాటి వాటిని ఒంటరిగా ఇవ్వరు. ఆపరేషన్‌కు ముందు రక్తం శాతం పెంచుకోవడానికి, పెద్ద గడ్డను చిన్న కోతతో తీయడానికి ఇవి అక్కరకొస్తాయి. ఇదే పని చేస్తూ, ఎముకలకు రక్షణగా కొంచెం హార్మోన్ కలిపిన రెలుగోలిక్స్ మాత్రకు 2021లో అమెరికా అనుమతిచ్చింది. దానికీ రెండేళ్ల గడువు పెట్టారు.

మిఫెప్రిస్టోన్‌ను తక్కువ మోతాదులో గడ్డ కుదించడానికి మన దేశంలో డాక్టర్లు రాస్తున్నారు. గర్భస్రావానికి వాడే మందు ఇదే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగే మందు కాదు. యులిప్రిస్టాల్ అనే ఇంకో మందు వల్ల కొందరి కాలేయం దెబ్బతినడంతో 2020లో యూరప్‌లో దాని వాడకానికి గట్టి ఆంక్షలు పెట్టారు. పాత చీటీ మీద ఆ పేరుంటే డాక్టర్‌ను అడగకుండా మళ్లీ కొనొద్దు.

చెట్ల మందుల గురించి కూడా చెప్పాలి. "గడ్డ కరిగిపోతది" అని పసరు పోసేవాళ్లు, పొడి పొట్లాలు ఇచ్చేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఫైబ్రాయిడ్ కరిగిపోతుందని నిరూపించిన మూలిక ఏదీ లేదు. ఆ నమ్మకంతో గడిపిన ఏడాదిలో రక్తం శాతం 10 నుంచి 6కు పడిపోతుంది, నా బాధ అది.

రక్తం శాతం ముందు, మిగతావి తర్వాత

తెలంగాణలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని అదే జాతీయ సర్వే చెప్తోంది. దానికి నెలనెలా గడ్డ వల్ల పోయే రక్తం తోడైతే, మెట్లెక్కితే ఆయాసం, చెంపలు తెల్లబడటం, గుండె దడ. మన దగ్గర దీన్ని "నీరసం" అని సరిపెట్టుకుని గ్లూకోజు ఎక్కించుకుంటారు. గ్లూకోజు బాటిల్‌తో హిమోగ్లోబిన్ రవ్వంత కూడా పెరగదు. ఐరన్ మాత్రలు కడుపుకు పడకపోతే సెలైన్‌లో ఎక్కించే ఐరన్ ఇంజెక్షన్లున్నాయి, ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఇస్తారు. ఏ ఆపరేషన్ ఎంచుకున్నా హిమోగ్లోబిన్ 10 దగ్గరకైనా తెచ్చుకుని పోతే ఆపరేషన్ టేబుల్ మీద రక్తం ఎక్కించే అవసరం తగ్గుతుంది. ప్రాణం మీదికి రాని గడ్డకు "రేపే చేయాలి" అన్న తొందర ఉండదు.

గడ్డ ఒక్కటే తీసే దారులు

లోపలి గదిలోకి వచ్చిన గడ్డ, అంటే 0, 1 రకం, మూడు నాలుగు సెంటీమీటర్ల లోపు ఉంటే హిస్టెరోస్కోపీకి సాటి లేదు. కింది నుంచే సన్నని కెమెరా పంపి గడ్డను చెక్కి తీసేస్తారు. పొట్ట మీద కోత లేదు. చాలామంది ఆ రోజే ఇంటికి పోతారు, రెండు మూడు రోజుల్లో పనిలో పడతారు. రెండో రకం గడ్డ గోడలోకి లోతుగా ఉంటే రెండుసార్లు చేయాల్సి రావచ్చు. ఈ గడ్డ ఉన్న ఆడమనిషికి ఈ మాట చెప్పకుండా సంచి తీసేయడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

గోడలో, బయటి వైపు ఉన్న గడ్డలకు మయోమెక్టమీ. గడ్డను ఒలిచి తీసి, సంచికి కుట్లు వేసి ఉంచుతారు. గడ్డలు తక్కువ ఉంటే లాపరోస్కోపీతో (పొట్ట మీద చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ), ఎక్కువగానో పెద్దగానో ఉంటే పొట్ట కోసి చేస్తారు. లాపరోస్కోపీ అయితే రెండు మూడు వారాల్లో, కోత అయితే నాలుగు నుంచి ఆరు వారాల్లో మామూలు పనిలోకి రావచ్చు. పిల్లలు కావాలనుకునేవాళ్లకు అసలైన దారి ఇది. ఆపరేషన్ తర్వాత మూడు నుంచి ఆరు నెలలు ఆగి గర్భానికి ప్రయత్నించమంటారు. సంచి గోడ లోతుగా కోసి ఉంటే కాన్పు సిజేరియన్ చేయాల్సి రావచ్చు. అందుకే ఆపరేషన్ వివరాల కాగితం దాచుకుని కాన్పు చేసే డాక్టర్‌కు చూపించాలి.

దీని లోపాలు కూడా దాచకూడదు. రక్తం పోవడం ఎక్కువ. చాలా అరుదుగా రక్తం ఆగక సంచే తీసేయాల్సి వస్తుంది, ఆ సంగతి సంతకం పెట్టే కాగితంలో ఉంటుంది. ఇక గడ్డలు మళ్లీ పుట్టొచ్చు. ఒక్క గడ్డ తీస్తే తక్కువ, పది గడ్డలు తీస్తే ఎక్కువ. 28 ఏళ్ల పిల్లకు ముట్లు ఆగడానికి ఇంకా 20 ఏళ్లుంది, మళ్లీ గడ్డ వచ్చే సమయం ఉంది. 44 ఏళ్ల మనిషికి ఆ గడువు చిన్నది. లాపరోస్కోపీలో గడ్డను లోపలే ముక్కలు చేసి తీసేటప్పుడు, అరుదుగానైనా అందులో క్యాన్సర్ ఉంటే కడుపంతా చిందుతుందని 2014లో అమెరికా నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అప్పటి నుంచి సంచిలాంటి కవర్‌లో పెట్టి ముక్కలు చేయడం పెరిగింది. "గడ్డను కవర్‌లో పెట్టి తీస్తారా?" అని అడగడం మీ హక్కు.

రక్తనాళం మూసే వైద్యం

గడ్డకు రక్తం పోసే నాళాలను మూసేస్తే గడ్డ ఎండిపోతుంది. డాక్టర్లు దీన్ని "యుటెరైన్ ఆర్టరీ ఎంబొలైజేషన్" అంటారు. తొడ మొదట్లోనో, మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పెట్టి, ఎక్స్‌రే చూస్తూ గర్భసంచి నాళాల్లోకి ఇసుక రవ్వల్లాంటి కణాలు వదులుతారు. 1995లో పారిస్ డాక్టర్లు దీన్ని ఫైబ్రాయిడ్ వైద్యంగా ప్రపంచానికి చెప్పారు. పూర్తి మత్తు అక్కర్లేదు. ఒక రాత్రి ఆస్పత్రిలో ఉండాలి, ఒకటి రెండు వారాల్లో పనిలోకి. మొదటి రోజు నొప్పి గట్టిగా ఉంటుంది, దానికి ముందే మందులు సిద్ధంగా పెడతారు. ఆరు నెలల్లో గడ్డ దాదాపు సగమవుతుంది. పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి రక్తం పోవడం తగ్గుతుంది.

అయితే నెదర్లాండ్స్‌లో పదేళ్ల పాటు గమనించిన పరిశోధనలో ఇది చేయించుకున్నవాళ్లలో సుమారు మూడో వంతు మందికి తర్వాత గర్భసంచి తీయాల్సి వచ్చింది. అదే లెక్కను ఇంకో వైపు నుంచి చూస్తే మూడింట రెండొంతుల మంది పెద్ద ఆపరేషన్ తప్పించుకున్నారు. బ్రిటన్‌లో 254 మంది ఆడవాళ్ల మీద చేసి 2020లో ప్రచురించిన పోలికలో, రెండేళ్ల తర్వాత జీవన నాణ్యత మయోమెక్టమీ చేయించుకున్నవాళ్లకే మెరుగ్గా ఉంది. పిల్లలు కావాలనుకునేవాళ్లకు దీన్ని మొదటి దారిగా చెప్పరు. 45 దాటినవాళ్లలో కొందరికి ముట్లు ముందే ఆగిపోతాయి. పిల్లలైపోయి, గడ్డలు గోడలో ఉండి, గుండె జబ్బో షుగరో ఉండి మత్తు ఇవ్వడం ప్రమాదమైనవాళ్లకు, సంచి పోవద్దని గట్టిగా కోరుకునేవాళ్లకు నేను దీన్ని ముందు పెడతాను. ఈ పని చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు ఉన్న పెద్ద ఆస్పత్రి కావాలి కాబట్టి హైదరాబాద్ పోవాల్సిందే. మన జిల్లాల్లో గైనకాలజిస్టు దీని పేరే ఎత్తకపోతే, మీరే ఎత్తండి.

అల్ట్రాసౌండ్ కిరణాలతో గడ్డను మాడ్చే పద్ధతి, సూదితో వేడి చేసి కాల్చే పద్ధతి కూడా ఉన్నాయి. కొన్ని రకాల గడ్డలకే పనికొస్తాయి, దొరికే చోట్లు బహు తక్కువ.

గర్భసంచి తీయించుకోవడం

ఇంతదూరం వచ్చాక, ఈ ఆపరేషన్ చెడ్డదని అంటున్నానని అనుకోవద్దు. గడ్డలు మళ్లీ రావన్న పూర్తి భరోసా ఇచ్చేది ఇదొక్కటే. ఐదారు నెలల గర్భమంత పెరిగిన గడ్డలు, మూత్రనాళాలను నొక్కి కిడ్నీ ఉబ్బేట్టు చేసే గడ్డలు, మందులు, లూపు అన్నీ చూసినా ఆగని రక్తం, ఇలాంటివాటికి ఇదే సరైన వైద్యం. సరైన కారణంతో చేయించుకున్న ఆడవాళ్లు చాలామంది హాయిగా ఉన్నారు.

మూడు తీర్లుగా చేస్తారు. యోని ద్వారా తీస్తే పొట్ట మీద మచ్చ కూడా ఉండదు, కోలుకోవడం తొందర. లాపరోస్కోపీ అయితే రెండు నుంచి నాలుగు వారాలు. పొట్ట కోసి తీస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలు బరువెత్తకూడదు. గడ్డలు మరీ పెద్దవి కాకపోతే మొదటి రెంటిలో ఏదైనా కుదురుతుందా అని అడగండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పాలనుకున్నది అండాశయాల గురించి. గర్భసంచి తీసేటప్పుడు "ఎట్లా కోసినం గద" అని వాటినీ తీసేసే అలవాటు ఉంది. ముట్లు ఆగే వయసు రాని ఆడదానికి రెండు అండాశయాలూ తీసేస్తే, ఆపరేషన్ తెల్లారి నుంచే ముట్లు ఆగిన మనిషి ఒళ్లు అవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ల నొప్పులు, ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బు ముప్పు పెరగడం. 35 ఏళ్లకే ఆపరేషన్ అయి, "అప్పటి సంది ఒళ్లు నాది కానట్టుంది" అనే ఆడవాళ్లు మన ప్రతి ఊళ్లో ఉన్నారు. ఫైబ్రాయిడ్ కోసం చేసే ఆపరేషన్‌లో, అండాశయాలు బాగున్నంత వరకు, వంశంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు లేనంత వరకు వాటిని ఉంచేయాలి. సంతకం పెట్టే ముందు "ఓవరీలు ఉంచుతారా?" అని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించండి. వాటిని ఉంచినా సంచి తీసినవాళ్లకు ముట్లు ఆగే దశ కొంచెం ముందే రావచ్చు. అండాశయాల పక్కనుండే అండనాళాలు (ట్యూబులు) మాత్రం తీసేయడం మంచిదేనని ఇప్పుడు చెప్తున్నారు, అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది కాబట్టి.

అనవసరంగా గర్భసంచులు తీయడం మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. దాన్ని ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయిలో కూడా ఈ ఆపరేషన్ల మీద నిఘా కమిటీ ఉండాలని అందులో ఉంది. ఇంకో డాక్టర్‌ను అడుగుతానంటే మీరు ఎవరినీ అవమానించినట్టు కాదు.

నలుగురికి నాలుగు సలహాలు

దేవరకొండ దగ్గర 29 ఏళ్ల కోడలు అనుకుందాం. పెళ్లై నాలుగేళ్లు, రెండు గర్భాలు పోయాయి, లోపలి గదిలో రెండున్నర సెంటీమీటర్ల గడ్డ. ఈమెకు హిస్టెరోస్కోపీ, వెంటనే. సంచి మాట ఎత్తినవాళ్ల దగ్గరికి మళ్లీ పోవద్దు.

అచ్చంపేట దగ్గర కూలికి పోయే 38 ఏళ్ల ఆమె. ముగ్గురు పిల్లలు, పిల్లల ఆపరేషన్ అయింది, గోడలో ఆరు సెంటీమీటర్ల గడ్డ, హిమోగ్లోబిన్ 6. ముందు రక్తం, ఐరన్, ముట్టు తగ్గించే మందు. లోపలి గది బాగుంటే హార్మోన్ లూపు. ఆరు నెలలకు మార్పు లేకపోతే మయోమెక్టమీ, నాళం మూసే వైద్యం, సంచి తీయడం, మూడూ ఆమె ముందు పెట్టి ఆమెనే అడగాలి. పుణెకో ముంబైకో వలస పోయే కుటుంబమైతే నెలనెలా చూపించుకోవడం కుదరదు. అలాంటి మనిషి బాగా ఆలోచించి, అండాశయాలు ఉంచుకుని సంచి తీయించుకుంటానంటే నేను కాదనను. ఆమె బతుకు లెక్క ఆమెకే తెలుసు.

మిర్యాలగూడలో 48 ఏళ్ల టీచరమ్మ. ముట్లు అప్పుడే రెండు మూడు నెలలకోసారి అవుతున్నాయి, వచ్చినప్పుడు ఎక్కువ. లోపలి పొర పరీక్ష చేయించి, అది బాగుందని తేలితే మాత్రలతో ఏడాది రెండేళ్లు గడిపేయొచ్చు.

మక్తల్‌లో 35 ఏళ్ల ఆమెకు తెల్లబట్ట, నడుము నొప్పి, రిపోర్టులో "బల్కీ", నిమ్మగింజంత గడ్డ ఒకటి. తెల్లబట్టకు మందు, గర్భసంచి మెడకు క్యాన్సర్ ముందస్తు పరీక్ష, నడుముకు విశ్రాంతి. ఆపరేషన్ వద్దు.

ఎక్కడికి పోవాలి, ఏం తీసుకుపోవాలి

మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి, నాగర్‌కర్నూల్, వనపర్తిల్లో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు నడుస్తున్నాయి. వాటి ఆస్పత్రుల్లో గైనకాలజీ విభాగం ఉంటుంది. ప్రైవేటులో ఆపరేషన్ అన్నారంటే రెండో మాటకు అక్కడికే పోండి, బస్సు చార్జీ, ఒక రోజు కూలి తప్ప పోయేదేమీ లేదు. భువనగిరి జిల్లా బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆస్పత్రులు, గాంధీ, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో దాని పరిమితి కుటుంబానికి 10 లక్షలు చేశారు. ఏ ఆపరేషన్ ఏ ఆస్పత్రిలో పథకం కింద అవుతుందో ఆస్పత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను ముందే అడగండి, అడ్వాన్సు కట్టాక కాదు.

పాత స్కానింగులు, రక్త పరీక్షలు, వాడిన మందుల చీటీలు ఒక కవర్‌లో పెట్టుకోండి. గడిచిన మూడు నెలల ముట్టు తేదీలు, రోజుకు ఎన్ని ప్యాడ్లో బట్టలో మార్చారో, రక్తం గడ్డలు గడ్డలుగా పడిందా లేదా రాసుకుపోండి. "కొంచెం ఎక్కువైతుంది" అంటే డాక్టర్‌కు అందదు, "గంటకొకటి మారుస్తున్న" అంటే అందుతుంది. మాట్లాడాల్సింది భర్తో మామో కాదు, మీరే. కావాలంటే అక్కనో వదిననో తోడు తీసుకుపోండి.

ఆపరేషన్ తేదీ మీ చేతుల్లో ఉంటే, నాట్ల నెల, పత్తి ఏరే నెల తప్పించి పెట్టుకోండి. కోత ఆపరేషన్ అయిన మూడో వారానికే బిందె ఎత్తితే లోపలి కుట్లు దెబ్బతింటాయి, ఇంట్లోవాళ్లకు ఈ మాట డాక్టర్ నోటితోనే చెప్పించండి. తీసిన గడ్డనో సంచినో తప్పకుండా పరీక్షకు పంపుతారు, ఆ రిపోర్టు వారం పది రోజులకు వస్తుంది. కుట్లు విప్పించుకుని ఇక పని అయిపోయిందని చాలామంది దాన్ని తెచ్చుకోరు. పోయి తెచ్చుకోండి, డాక్టర్‌తో చదివించుకోండి, డిశ్చార్జి కాగితంతో కలిపి దాచండి. అండాశయాలు ఉంచారో లేదో కూడా ఆ కాగితాల్లోనే ఉంటుంది.